తాతయ్య గొట్టం: చేపల తొట్టి దగ్గర మొదలైన ఒక సైఫన్ కథ

ఆదివారం పొద్దున టిఫిన్లు అవ్వగానే మా కుందలహళ్ళి ఇంట్లో చేపల తొట్టి కడిగే పని ఉంటుంది. తొట్టి పెద్దదేం కాదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. లెక్క కడితే యాభై ఆరు లీటర్లు, గులకరాళ్లూ పైన వదిలిన ఖాళీ తీసేస్తే నలభై అయిదు దాకా పడతాయి. అందులో ఒక డజను గప్పీలు, రెండు నల్ల మోలీలు. తొట్టి మావాడిది, పని నాది, అజమాయిషీ మా అమ్మది.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం నేను బకెట్టు తెచ్చేలోపు మావాడు ట్యూబు ఒక కొస నీళ్లలో పడేసి, రెండో కొస నోట్లో పెట్టుకున్నాడు. ఫోన్లో ఏదో వీడియోలో అలాగే చూశాడట. హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న అమ్మ, చేటని అలాగే కింద పడేసి పరుగున వచ్చి ట్యూబు లాగేసింది. "నోట పెట్టకురా! మీ ముత్తాతని తినేసింది ఈ గొట్టమే" అంది. వాడు బిక్కమొహం వేశాడు. నేనూ కాసేపు మాట్లాడలేదు. ఆ కథ నాకు తెలుసు గానీ, మా ఇంట్లో దాన్ని అంత గట్టిగా అనడం అదే మొదటిసారి.

ఈ పేజీల్లో ఇంతకుముందు తాతయ్య వ్యవసాయం గురించి రాశాను, ఆయన పోయిన సంగతి మాత్రం రాయలేదు. ఈసారి అదే రాస్తున్నాను. రాస్తూ ఉంటే సైఫన్ చరిత్ర కూడా అందులోకి వచ్చి చేరింది.

గుడివాడ దగ్గర మా ఊళ్లో పొలం కాలువ కంటే కాస్త మెరక. నీళ్లు ఎక్కాలంటే ఆయిల్ ఇంజను పెట్టాల్సిందే. డీజిల్ రెండు వందల లీటర్ల డ్రమ్ములో వచ్చేది. డ్రమ్ముని వంచి పోసుకోవడం ఇద్దరు మనుషుల పని, అందుకని తాతయ్య రబ్బరు గొట్టం ఒకటి డ్రమ్ములోకి దించి, రెండో కొస నోట పెట్టి ఒక్క పీల్పు పీల్చి, డీజిల్ పెదాలదాకా వచ్చే సమయానికి గభాలున డబ్బాలోకి వంచేవారు. ఆ సమయం చూసుకోవడంలోనే ఉంది నేర్పంతా. ఊళ్లో అందరూ అలాగే చేసేవాళ్లు. 1979లో నాట్ల రోజుల్లో ఒక పొద్దున ఎవరో పలకరిస్తే అటు తిరిగారట, డీజిల్ గొంతులోకి పోయింది. మింగింది కొంచెమే, అంతకంటే చెడ్డ సంగతి దగ్గు రావడం. డీజిల్, కిరోసిన్ లాంటివి కడుపులోకి పోతే జరిగే నష్టం కంటే ఊపిరితిత్తుల్లోకి పోతే జరిగేది చాలా ఎక్కువ. అవి పల్చగా పాకి లోపలి పొరని కాల్చేసినట్టు చేస్తాయి. వాంతి చేయించడం కూడా అందుకే తప్పు, వచ్చేటప్పుడు మళ్లీ ఊపిరి దారిలోకి పోతుంది. ఆ రోజు ఇంట్లోవాళ్లు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించారు, మంచి చేస్తున్నామనుకునే.

రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి బతికి వచ్చారు. కానీ ఆ తరవాత చలికాలం వస్తే నాలుగడుగులు వేసి నిలబడిపోయేవారు. ఆరేళ్లకి న్యుమోనియాతోనే పోయారు. అప్పుడు కొత్త కోడలుగా ఉన్న మా అమ్మ, "మావయ్యగారు దగ్గుతుంటే పెరట్లో వినపడేది" అని ఇప్పటికీ అంటుంది.

గొట్టంలో నీళ్లు వాటంతటవి పారతాయి, అందులో మనం చేసేదేం లేదు. మనిషి చేయాల్సింది మొదలుపెట్టడం ఒక్కటే, ప్రమాదం కూడా అంతా ఆ మొదలుపెట్టడంలోనే ఉంది. సైఫన్ చరిత్ర చదివినకొద్దీ నాకు కనిపించింది ఇదే: తరతరాలుగా ఎవరెవరో ఈ ఒక్క చిక్కు మీదే బుర్ర పెట్టారు, నోరు పెట్టకుండా దీన్ని మొదలుపెట్టడం ఎలా అని.

నోరు పెట్టడం పాతకాలపు పద్ధతే. ఈజిప్టులో సుమారు 3,400 ఏళ్ల కిందటి సమాధుల గోడల మీద బొమ్మలున్నాయి. పెద్ద జాడీల్లోంచి సన్నని గొట్టాలు, వాటి కొసలు నోట పెట్టుకుని పీలుస్తున్న మనుషులు. అడుగున మడ్డి కదలకుండా పైన తేరుకున్నదాన్ని వేరే పాత్రలోకి తీయడానికి. మా తాతయ్య డ్రమ్ము దగ్గర ఎలా నిలబడేవారో అచ్చం అలాగే. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీరో అనే ఆయన గాలితో, నీళ్లతో నడిచే యంత్రాల మీద పుస్తకం రాసి అందులో రకరకాల సైఫన్లు చూపించాడు. సైఫన్ అనే మాట కూడా గ్రీకుదే, గొట్టం అని అర్థం.

నోరు అక్కర్లేని సైఫన్ మన దేశంలో ఒక బొమ్మగా ఉండేది. వాసుదేవుడి గిన్నె అంటారు. ఇత్తడి గిన్నె మధ్యలో, పసి కృష్ణుణ్ణి ఎత్తుకున్న వసుదేవుడు నిలబడి ఉంటాడు. గిన్నెలో నీళ్లు పోస్తూ ఉంటే మట్టం మోకాళ్లు దాటి, నడుము దాటి, పిల్లవాడి పాదాలకి తగులుతుంది. తగిలిందో లేదో, నీళ్లన్నీ అడుగు నుంచి గబగబా కారిపోయి గిన్నె ఖాళీ అవుతుంది. కృష్ణుడి పాదం తగిలి యమున దారి ఇచ్చిందన్న కథకి ఇంత చక్కటి బొమ్మ ఇంకొకటి ఉండదు. లోపల ఉన్నదల్లా వంచిన సన్నని గొట్టం. దాని వంపు సరిగ్గా పాదాల ఎత్తున ఉంటుంది. నీళ్లు వంపు దాటగానే గొట్టం నిండుతుంది, నిండగానే లాగడం మొదలవుతుంది, గొట్టం మూతి బయటపడి గాలి దూరేదాకా ఆగదు. గ్రీకులు ఇదే కిటుకుతో ఒక గ్లాసు చేసి పైథాగరస్ పేరు పెట్టుకున్నారు. అత్యాశతో నిండా పోసుకున్నవాడికి ఒక్క చుక్క మిగలదు.

నీళ్లు ముందు పైకి ఎక్కి తరవాత కిందికి ఎందుకు దిగుతాయని మావాడు అడిగాడు. నూతి గిలక మీద వేసిన తాడు గుర్తు చేసుకోండి. ఒక పక్క మూరెడు, ఇంకో పక్క బారెడు వేలాడుతుంటే బారెడు ఉన్నవైపు బరువు ఎక్కువ, తాడంతా అటే జారిపోతుంది. గొట్టంలో నీళ్లూ అంతే. తొట్టి మట్టం కంటే కిందికి దిగిన కాలు పొడవు, అది లాగుతుంది. మరి నీళ్లు తాడులా తెగకుండా ఎందుకు ఉంటాయంటే చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి వాటిని నొక్కి పట్టి ఉంచుతుంది. అందుకే వంపు మరీ ఎత్తయితే పని చేయదు. సముద్రమట్టం దగ్గర పది మీటర్లు కాస్త దాటేదాకా లాగొచ్చు. బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ దాదాపు ఒక మీటరు తక్కువ. చేపల తొట్టికి ఈ లెక్కతో పని లేదనుకోండి. ఇక్కడొక సరదా సంగతి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో సైఫన్‌ని నడిపేది గాలి ఒత్తిడేనని 1911 నుంచి రాసి ఉండేది. 2010లో స్టీఫెన్ హ్యూస్ అనే ఆస్ట్రేలియా భౌతికశాస్త్ర అధ్యాపకుడు చూసి, లాగేది భూమి ఆకర్షణ కదా అని వాళ్లకి ఉత్తరం రాసేదాకా ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు వందేళ్లు! మన పాఠ్యపుస్తకాల్ని తిట్టేటప్పుడు ఇది కాస్త గుర్తు పెట్టుకోవాలి.

మా కృష్ణా జిల్లావాళ్లకి సైఫన్ అంటే ఇంకో గుర్తు. విజయవాడ పక్కన ఎనికేపాడు దగ్గర బుడమేరు ఏలూరు వైపు పోయే కాలువకి అడ్డం వస్తుంది. ఏరు ఏరుగా పోవాలి, కాలువ కాలువగా పోవాలి. అందుకని బుడమేరు కాలువ కింద కట్టిన సొరంగంలోకి దూరి, అవతల తేలి, కొల్లేటి వైపు పోతుంది. జనం దాన్ని యూటీ అంటారు, అండర్ టన్నెల్ అని. ఇంజనీర్ల భాషలో ఇలాంటివి కూడా సైఫన్లే. తలకిందుల సైఫన్ అని. నిజానికి ఇది పేరుకే సైఫన్. వంపు పైకి కాక కిందికి ఉంటుంది కాబట్టి పీల్చేవాడు అక్కర్లేదు, నీళ్లు వాటంతటవే దిగి అవతల అంతే మట్టానికి లేస్తాయి. చిన్నప్పుడు బస్సులో పోతూ తాతయ్య అదుగో అని చూపించేవారని నాన్న చెబుతారు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు మేం ఇక్కడ టీవీ ముందు కూర్చుని ఆ పేరే వింటూ ఉన్నాం.

ఈ రకం సైఫన్‌తోనే ఉద్యోగ జీవితం మొదలుపెట్టిన మనిషి ఒకాయన ఉన్నారు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. పుట్టింది బెంగళూరుకి ఉత్తరాన చిక్కబళ్ళాపురం పక్కన ముద్దేనహళ్ళి. ఇంటిపేరు మాత్రం గిద్దలూరు వైపున్న మోక్షగుండం ఊరిది, పూర్వీకులు అక్కణ్ణుంచి వచ్చారు. మనలాగే వలస వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం అన్నమాట, కాకపోతే మనకంటే చాలా ముందు. పూనాలో ఇంజనీరింగ్ చదివి 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. తొలిరోజుల్లోనే ఖాన్‌దేశ్‌లో పాంజరా నదికి సంబంధించి ఒక గొట్టపు సైఫన్ కట్టే పని అప్పజెప్పారు. వానాకాలం. వరదొచ్చి పని పాడైపోతోంది, కొన్నాళ్లు ఆపుదామని రాస్తే పై అధికారికి నచ్చలేదు. చేసేదిలేక అలాగే పట్టుబట్టి పూర్తి చేశారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు! 1908లో మూసీ వరద హైదరాబాదుని ముంచాక నిజాం పిలిపించింది ఈయన్నే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ సలహాల ఫలితమే. పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకి 1903లో ఆయన పెట్టిన గేట్లు, నీళ్లు ఒక మట్టం దాటగానే మనిషి చెయ్యి పడకుండా తెరుచుకునేవి.

మనిషి చెయ్యి పడకుండా అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఎందుకంటే మైసూరు సంస్థానపు ఇంజనీర్లు ఆ తరవాత సైఫన్‌తో చేసింది సరిగ్గా అదే.

ఆనకట్టకి వరద వస్తే అదనపు నీళ్లు బయటికి పోవాలి. అర్ధరాత్రి వరద వస్తే గేటు ఎత్తేవాడు నిద్రపోతూ ఉండొచ్చు, గేటు బిగుసుకుపోవచ్చు. వాసుదేవుడి గిన్నెలా చెరువే తనంతట తాను పొంగు దించుకుంటే ఎంత బాగుండు! కానీ గిన్నెలో కిటుకు ఆనకట్ట దగ్గర చెల్లదు. గిన్నెలో గొట్టం సన్నం, వంపు దాటిన నీళ్లు గొట్టమంతా నిండిపోతాయి. ఆనకట్టలో గొట్టం మనిషి నిలువునా దూరేంత పెద్దది. మట్టం కాస్త పెరిగితే నీళ్లు అంచు మీదుగా గోడ వెంట పల్చగా జారిపోతాయే తప్ప గొట్టం నిండదు. లోపల గాలి అలాగే ఉండిపోతుంది. గాలి ఉన్నంతసేపు సైఫన్ లేదు. అంత పెద్ద గొట్టాన్ని ఎవరు పీలుస్తారు?

మైసూరు ఇంజనీరు వి. గణేశ్ అయ్యర్‌గారు దీనికి చూపించిన దారి నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. గొట్టం పైమూతిని పెద్ద గరాటులా చేశారు. గరాటు అంచు చుట్టూ వంకర రెక్కలు పెట్టారు. పైన గుమ్మటంలాంటి మూత. నీళ్లు అంచు దాటి లోపలికి పడేటప్పుడు ఆ రెక్కల వల్ల నేరుగా పడకుండా గిర్రున తిరుగుతూ పడతాయి. వాష్ బేసిన్‌లో నీళ్లు దిగేటప్పుడు సుడి చూశారుగా, అదే. ఆ సుడి గుమ్మటంలో గాలిని తనతో పాటు కిందికి ఈడ్చుకుపోతుంది. లోపల గాలి పల్చబడుతుంది, చెరువు నీళ్లు పైకి ఎగబాకుతాయి, కాసేపటికి గొట్టం నిండిపోయి సైఫన్ హోరుమని అందుకుంటుంది. అంటే నీళ్లే నోరయి పీల్చుకుంటాయి. మట్టం మళ్లీ మామూలుకి దిగాక ఆపడానికీ ఏర్పాటు ఉంది. గుమ్మటానికి ఒక గాలి గొట్టం పెట్టి దాని మూతిని కావలసిన మట్టం దగ్గర ఉంచుతారు. నీళ్లు దానికంటే దిగితే గాలి లోపలికి దూరి సైఫన్ తెగిపోతుంది.

ఈ గరాటు సైఫన్లు శరావతి నది మీద హిరేభాస్కర ఆనకట్టకి పెట్టారు. తరవాత అదే నది మీద కట్టిన లింగనమక్కి పెద్ద ఆనకట్ట 1964లో వచ్చి పాతదాన్ని ముంచేసింది. ఎండాకాలంలో నీళ్లు బాగా తగ్గిన ఏడాది ఆ పాత ఆనకట్ట, దాని సైఫన్లు బయటపడతాయి. జనం వెళ్లి ఫొటోలు తీసుకుంటారు. తుమకూరు జిల్లా కుణిగల్ తాలూకాలో శింషా నది మీద, మీర్జా ఇస్మాయిల్ దివాన్‌గా ఉన్నకాలపు మార్కోనహళ్ళి ఆనకట్టకి కూడా తమంతట తామే మొదలయ్యే సైఫన్లు ఉన్నాయి. జలాశయం నిండిన వానాకాలంలో అవి అందుకుంటే చూడ్డానికి జనం పోగవుతారు. మనకి ఒక పూట ప్రయాణం. వండర్‌లాకి తీసుకెళ్లినట్టే పిల్లలకి ఇది కూడా చూపించొచ్చు.

ఇక కుందలహళ్ళి. మేం 2006లో వచ్చేసరికి ఇక్కడ చెరువు చుట్టూ లేఅవుట్లు లేచిపోయాయి గానీ, ఊళ్లో పాత ఇళ్లు కొన్ని మిగిలే ఉన్నాయి. ఆ ఇళ్లల్లో కొందరు తెలుగు మాట్లాడతారని తెలిసి ఆశ్చర్యపోయాం. మేమేదో తెలుగుని ఇక్కడికి మోసుకొచ్చినట్టు అనుకున్నాం మరి! వాళ్ల తెలుగు మొదట్లో మా చెవికి ఎక్కేది కాదు, మా తెలుగు విని వాళ్లు నవ్వుకునేవాళ్లు. పాల బూత్ దగ్గర పరిచయమైన ఒక పెద్దాయన చెరువు సంగతి చెప్పేవారు. "తూబు ఎత్తేది అందురికీ వచ్చే పని కాదప్పా. నీరుగంటి ఒకడుండె. నీళ్లల్లో మునిగి బిరడా లాగల్ల. వాడు లాగితేనే మడికి నీళ్లు" అన్నారు. ఆయన తూబు అన్నది మన తూము. నీరుగంటినే తెలంగాణలో నీరటి అంటారు. పాత తూముల్లో రాతి కన్నానికి కొయ్య బిరడా బిగించి ఉండేది, దాన్ని కదిలించడానికి నీళ్లలోకి దిగాల్సివచ్చేది. అక్కడ కూడా చూడండి, పారడం నీళ్ల వంతు, మొదలుపెట్టడం మనిషి వంతు, ఆ మనిషి ఊపిరి బిగబట్టే మొదలుపెట్టాలి.

ఇక్కడి నీళ్ల పోకడ కూడా ఒకసారి అనుకోవాలి. బెంగళూరు మిట్ట మీద ఊరు. నగరానికి పడమటి వైపు నీళ్లు కావేరిలో కలిస్తే, మన తూర్పు వైపు చెరువుల నీళ్లు బెళ్లందూరు, వర్తూరు మీదుగా దక్షిణ పినాకినిలోకి పోయి తమిళనాడు చేరతాయి. ఉత్తర పినాకిని అంటే మన పెన్నే, నెల్లూరు పోయేది. రెండూ నంది కొండల వైపు పుట్టినవే. తాగే నీళ్ల దారి వేరు. 1896 ప్రాంతంలో హెసరఘట్ట నుంచి, 1933 నుంచి తిప్పగొండనహళ్ళి నుంచి, 1974 నుంచి కావేరి నుంచి. కావేరి నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల దూరం, అరకిలోమీటరు ఎత్తు మోటార్లతో ఎక్కాలి. దీనికి ఏ సైఫనూ పనికిరాదు. సైఫన్ మధ్యలో గట్టు దాటిస్తుందే గానీ, చివరికి మొదటి మట్టం కంటే కిందికే చేరుస్తుంది.

2024 వేసవిలో ఆ ఎత్తు ఎంతో మా అందరికీ బాగా తెలిసొచ్చింది. బోర్లు ఎండిపోయాయి, ట్యాంకర్ల కోసం పడిగాపులు. మార్చిలో జలమండలి తాగేనీళ్లతో కార్లు కడిగినా మొక్కలకి పోసినా అయిదు వేల జరిమానా అంది. మా అపార్టుమెంటులో పొద్దున గంట, సాయంత్రం గంట నీళ్లు. హాల్లో యాభై లీటర్ల నీళ్లలో గప్పీలు ఈదుతుంటే వచ్చినవాళ్లు తొట్టి వంక, మా వంక చూసేవాళ్లు. ఎవరికైనా ఇచ్చేద్దాం అని మా ఆవిడ అంది. మావాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి అమ్మే ఒక ఒప్పందం కుదిర్చింది. వారానికి పది లీటర్లు మాత్రమే మార్చాలి, తీసిన నీళ్లు ఒక్క చుక్క పారబోయకూడదు, కరివేపాకు కుండీకి, మిగిలింది బాత్రూముకి. చేపల తొట్టి నీళ్లు మొక్కలకి మంచి ఎరువు కూడా.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఆ ఒప్పందాన్ని నేనే పాడుచేశాను. ట్యూబు పెట్టి, బకెట్టులోకి పారుతుండగా ట్యాంకర్ అతని ఫోను వచ్చింది. గేటు దగ్గరికి పరుగెత్తాను. సంప్ నిండేదాకా అక్కడే మాటల్లో ఉండిపోయాను. వచ్చేసరికి హాలంతా నీళ్లు. తొట్టిలో రెండంగుళాలు మిగిలింది, గప్పీలు ఒక మూలకి చేరి కొట్టుకుంటున్నాయి. ఒక మోలీ రాళ్ల మధ్య చిక్కి చనిపోయింది. ఆ నీళ్ల కరువులో ముప్పై లీటర్లు నేల పాలు. అమ్మ ఏమీ అనలేదు. పాత చీర తెచ్చి తుడిచి, పిండి, పిండిన నీళ్లు బాత్రూము బకెట్టులో పోసింది. ఏమైనా అని ఉంటేనే బాగుండేదనిపించింది.

ఆ రాత్రి గణేశ్ అయ్యర్‌గారి గాలి గొట్టం గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ మొదలుపెట్టడం గురించే ఆలోచించాను, ఆగడం గురించి ఆలోచించలేదు. మరుసటి వారం ట్యూబుని తొట్టి అంచుకి క్లిప్పుతో బిగించి, నీళ్లు ఎంతదాకా దిగొచ్చో సరిగ్గా ఆ మట్టం దగ్గర ట్యూబుకి ఒక కన్నం పెట్టాను. మొదట సూదితో పెడితే బుడగలు వచ్చాయే గానీ పారడం ఆగలేదు. కన్నం పెన్సిల్ ములుకు దూరేంత చేశాక కుదిరింది. మట్టం అక్కడికి దిగగానే గుర్రుమని గాలి దూరి ఆగిపోతుంది. ఇప్పుడు ఫోనొస్తే ధైర్యంగా మాట్లాడతాను.

మొదలుపెట్టడానికి మా ఇంట్లో మూడు పద్ధతులున్నాయి, మీకూ పనికొస్తాయి. ట్యూబు మొత్తాన్ని చుట్టలా తొట్టిలో ముంచి, గాలి బుడగలన్నీ పోయాక ఒక కొసని బొటనవేలితో మూసి, బయటికి తీసి, తొట్టి అడుగు కంటే కిందికి దించి వేలు వదలడం. ఇది అన్నిటికంటే తేలిక, చేతులు శుభ్రంగా ఉండాలి అంతే, సబ్బు వాసన కూడా ఉండకూడదు. రెండోది, రాళ్ల మధ్య మురికి లాగే వెడల్పు మూతి ట్యూబు ఉంటే, వెడల్పు మూతిని నీళ్లతో నింపి, పైకెత్తి, ఆ నీళ్లు ట్యూబులోకి జారుతుండగా పూర్తిగా ఖాళీ కాకముందే మళ్లీ ముంచెయ్యడం. రెండు మూడుసార్లు తప్పుతుంది, తరవాత చెయ్యి తిరుగుతుంది. మూడోది, మధ్యలో రబ్బరు బుడ్డి ఉన్న ట్యూబు, చేపల దుకాణాల్లో దొరుకుతుంది. బకెట్టు మాత్రం తొట్టి కంటే కింద ఉండాలి. ఎంత కింద ఉంటే అంత జోరు. ఒక్కసారి నీళ్లన్నీ మార్చకండి, పావు వంతు చాలు. మా బోరు నీళ్లు గట్టివి, ట్యాంకర్ నీళ్లు ఎక్కడివో ఆ దేవుడికే తెలియాలి. అందుకని ముందురోజే పట్టి ఉంచి, తొట్టి నీళ్లంత వెచ్చదనం వచ్చాక నెమ్మదిగా పోస్తాం.

చేపల తొట్టి నీళ్లు డీజిల్ కాదు కదా, ఒక్క పీల్పుకి ఏమవుతుంది అంటారేమో. మా తోడల్లుడు అదే అన్నాడు. ఆ నీళ్లలో చేపల పెంట ఉంటుంది, కడుపు చెడగొట్టే క్రిములుంటాయి, చేతికి గాయం ఉంటే దాంట్లోంచి దూరి నెలల తరబడి మానని పుండు చేసే సూక్ష్మజీవి కూడా ఉండొచ్చు. మా ఇంట్లో మాత్రం అసలు కారణం అది కాదు.

ఈమధ్య నాన్న ఊరెళ్లి పాత సామాను కొట్టం సర్దించినప్పుడు తాతయ్య రబ్బరు గొట్టం దొరికింది. ఎండిపోయి, వంచితే పెళ్లున విరిగేలా ఉంది, ఇప్పటికీ డీజిల్ వాసనే. నాన్న పారేద్దామన్నారు. అమ్మ వద్దని, పాత పేపరులో చుట్టి ఇక్కడికి తెచ్చింది. మావాడు దాన్ని తిప్పి తిప్పి చూసి, ఒక కొసన పంటి గాట్లు ఉన్నాయని చూపించాడు. అప్పటిదాకా మేమెవరమూ గమనించలేదు. ఇప్పుడది తొట్టి పైన షెల్ఫులో ఉంది, కింద మేకుకి మా కన్నం పెట్టిన ట్యూబు వేలాడుతూ ఉంటుంది. ప్రతి ఆదివారం అమ్మ వంటింట్లోంచే అడుగుతుంది, "నోట పెట్టలేదు కదరా?" అని. "లేదు నానమ్మా, నీళ్లే పీల్చుకుంటున్నాయి" అంటాడు వాడు.